నేను వేసిన సున్నా

పోయిన నెల కొత్తగా ఉద్యోగంలో చేరిన లెక్కల టీచర్లకు శిక్షణ జరుగుతుంటే, పదవీ విరమణ చేసినదాన్ని కదా అని నన్ను పిలిచి, శాలువా కప్పి, రెండు మాటలు చెప్పమన్నారు. పది నిమిషాలు మాట్లాడాను. పిల్లల్ని ప్రేమించాలని, టైముకు బడికి రావాలని, అందరూ చెప్పే మాటలే చెప్పాను. చెప్పాల్సింది ఒకటి గొంతు దాకా వచ్చింది. శాలువా కప్పించుకుని ఇలాంటివి మాట్లాడితే బాగుండదని మింగేశాను. ఇంటికొచ్చాక, మింగేసినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. అందుకే రాస్తున్నాను. ఆ రోజు నా ఎదురుగా కూర్చున్న ఆ కొత్త టీచర్లు ఇది చదివితే సంతోషం.

నా పదవీ విరమణకు ఇంకా నాలుగేళ్లున్నప్పటి సంగతి. అప్పుడు నేను వరంగల్‌లో ఒక ప్రభుత్వ బాలికల హైస్కూల్లో పనిచేస్తున్నాను. తొమ్మిదో తరగతిలో నలభై ఆరుగురు ఆడపిల్లలు. అందులో సగం మంది ఎనుమాముల మిర్చి మార్కెట్ చుట్టుపక్కల ఇళ్ల నుంచి వచ్చేవాళ్లు. మిర్చి సీజన్లో వాళ్ల బట్టలకు, పుస్తకాలకు ఆ ఘాటు అంటుకుని ఉండేది. నోటుబుక్కులు దిద్దుతుంటే నాకు తుమ్ములొచ్చేవి.

ఆ ఏడు మా ప్రాంతంలోని ప్రభుత్వ బడుల పిల్లలకు ఒక ప్రత్యేక లెక్కల పరీక్ష పెట్టారు. అందులో ముందు వచ్చిన నలభై మందిని రెండేళ్లు హాస్టల్లో ఉంచి విడిగా చదువు చెప్పిస్తారు. పరీక్ష బాధ్యత సీనియర్ లెక్కల టీచర్ల కమిటీది. పేపరు తయారు చేసిందీ, జవాబుల కీ ఇచ్చిందీ కమిటీకి పెద్ద అయిన ఒక సారు. ఆయన బి.ఎడ్.లో నాకు పాఠం చెప్పారు. మా పిల్లల సంచుల్లో పాఠ్యపుస్తకం ఉన్నా లేకపోయినా ఆయన రాసిన గైడు ఉండేది. ఆయన ఎదురుగా నేను కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చున్నది కూడా లేదు.

పేపరు ఎక్కడి పిల్లలది అక్కడి టీచరే దిద్ది, కమిటీకి పంపాలి. పేపర్లు దిద్దాల్సిన రోజే మధ్యాహ్న భోజనం రిజిస్టర్లు, యూనిఫాంల లెక్క, ఇంకేదో సర్వే, అన్నీ నా నెత్తినే ఉన్నాయి. కీ పక్కన పెట్టుకుని, ఒక్క మధ్యాహ్నంలో నలభై ఆరు పేపర్లు దిద్దేశాను. అప్పటికి పాతికేళ్ల అనుభవం. ఆ అనుభవం నాకు నేర్పిందల్లా వేగమేనని తర్వాత తెలిసింది.

పదకొండో ప్రశ్నకు నాలుగు మార్కులు. రెండు త్రిభుజాల బొమ్మ ఇచ్చి, వాటిలో రెండు భుజాలు రెండు భుజాలకు సమానమనీ, ఒక కోణం ఒక కోణానికి సమానమనీ చెప్పి, త్రిభుజాలు సర్వసమానమని నిరూపించండి అన్నారు. కీలో భు.కో.భు. నియమం అని ఉంది. అంటే భుజం, కోణం, భుజం. లెక్కల జోలికి ఎన్నడూ పోనివాళ్ల కోసం ఒక్క మాట చెబుతాను. రెండు త్రిభుజాలు సర్వసమానం అంటే, ఒకదాన్ని కత్తిరించి రెండోదాని మీద పెడితే అంచుకు అంచు సరిపోవాలి. అందుకు అన్ని కొలతలూ చూడనక్కర్లేదు. రెండు భుజాలూ, వాటి మధ్య ఉన్న కోణమూ సమానమైతే చాలు. ఆ ‘మధ్య’ అన్న మాట మీదే నియమం నిలబడి ఉంది. కోణం ఆ రెండు భుజాల మధ్య కాకుండా పక్కన ఎక్కడో ఉంటే, త్రిభుజాలు సరిపోతాయని చెప్పలేం. లంబకోణం లాంటివైతే సంగతి వేరు. ఆ ప్రశ్నలో ఇచ్చిన కోణం మధ్యలో లేదు. పక్కన ఉంది.

నేను గమనించలేదు. భు.కో.భు. అని రాసిన పిల్లలకల్లా నాలుగు వేసుకుంటూ పోయాను. ఒక పేపరులో మాత్రం ‘దీన్ని నిరూపించలేము’ అని ఉంది. కింద ఏదో బొమ్మ, వృత్తలేఖినిని, అదే కంపాసును, తిప్పి గీసిన ఒక చాపం. ఈ పిల్ల రాదని తనే ఒప్పుకుందిలే అనుకుని, బొమ్మ వంక కూడా చూడకుండా సున్నా చుట్టాను. ఎర్ర సిరాతో, గుండ్రంగా.

మర్నాడు పొద్దున లిస్టు కమిటీకి పంపించి, తర్వాత క్లాసులో పేపర్లు చూపించాను. ఆ సున్నా వచ్చిన పిల్ల పేపరు పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చింది. సన్నగా, పొట్టిగా ఉండేది. మాట మాత్రం పొట్టి కాదు.

“మేడం, ఇది సదివిన్రా?”

“చదివాను. రానిది వదిలేయాలి గానీ, నిరూపించలేము అని రాస్తారా ఎవరైనా?”

“నాకు చేతగాక కాదు మేడం. అది ఎవ్వలకు చేతగాదు.”

వెనక బెంచీల్లో కొందరు నవ్వారు. నేనూ కొంచెం నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నాకు గుర్తుంది, ఎందుకంటే ఆ తర్వాత గంట సేపట్లో అది నా మొహం మీదికే తిరిగొచ్చింది. ఆ పిల్ల నవ్వలేదు. “బొమ్మ గీసి సూపెట్టిన. మీరు ఒకసారి గీయుండ్రి” అని పేపరు నా టేబుల్ మీద పెట్టి, వెళ్లి కూర్చుంది.

మధ్యాహ్నం స్టాఫ్‌రూంలో టిఫిన్ డబ్బా మూత తీసి, తినబోతూ, ఊరికే గీసి చూశాను. ఆ పిల్ల రాసినట్టే ఒక గీత గీసి, దాని చివర ముప్పై డిగ్రీల కోణం పెట్టాను. ఆ కోణం వాలులో ఎనిమిది సెంటీమీటర్లు కొలిచాను. అక్కడ వృత్తలేఖిని ముల్లు గుచ్చి, అయిదు సెంటీమీటర్ల చాపం తిప్పాను. చాపం కింది గీతను ఒక చోట కాదు, రెండు చోట్ల తగిలింది. రెండు త్రిభుజాలు వచ్చాయి. రెండిట్లోనూ ఎనిమిది ఉంది, అయిదు ఉంది, ముప్పై డిగ్రీలు ఉంది. ఒకటి పొడుగ్గా చాచుకుని ఉంది, ఇంకొకటి దానిలో సగం కూడా లేదు. ఏ కళ్లతో చూసినా అవి ఒకటి కాదు.

టిఫిన్ డబ్బా మూత మళ్లీ పెట్టేశాను. ఆ పాఠం చెప్పేటప్పుడు ఇదే పిల్ల లేచి అడిగింది, కోణం పక్కకుంటే ఎందుకు పనికిరాదు మేడం అని. “అది నియమం కాదు, దాని జోలికి పోవద్దు” అని కూర్చోబెట్టాను. నేను పోవద్దన్న చోటికి ఆ పిల్ల ఒక్కతే పోయి, కారణం తెలుసుకుని వచ్చింది. నేను దానికి సున్నా వేశాను.

మా హెడ్మిస్ట్రెస్ సోషల్ టీచరు. మంచి మనిషి, పై నుంచి ఫోనొస్తే మాత్రం కుర్చీలో నిటారుగా అయిపోయేది. ఆమెకు సంగతి చెప్పాను.

“లిస్టు పొద్దుగాల్నే పోయింది గద మేడం,” అంది.

“వెనక్కి తెప్పిద్దాం.”

“ఒక్క పిల్ల, నాలుగు మార్కులు. దానికోసం అంత పెద్ద సారుతోని పెట్టుకుంటవా? ఆయన పేపర్నే తప్పంటవా?”

“ఆయన పేపరు తప్పే. నేను దిద్దింది ఇంకా పెద్ద తప్పు.”

ఆమె తల పట్టుకుంది. “నాకు లెక్కలు తెల్వయి. నన్ను ఇండ్ల ఇరికియ్యకు,” అంది.

సారుకు ఫోన్ చేశాను. ఆయన ముందు నవ్వారు. “ముప్పై ఏండ్ల సంది నా గైడుల ఉన్న లెక్క అమ్మా అది. ఎవ్వలడగలే. నువ్వు గూడ అదే చదివినవ్,” అన్నారు. అదీ నిజమే. నేను చదివింది అదే. నా పిల్లలకు చెప్పిందీ అదే. గీసి చూడమని నాకెవరూ చెప్పలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు.

రెండు రోజులకు ఆ పిల్ల తల్లి బడికి వచ్చింది. ఎనుమాముల యార్డులో మిర్చి ఏరే పని ఆమెది. పని మధ్యలో వచ్చినట్టుంది, కొంగు మూతికి కట్టుకున్న ముడి ఇంకా మెడ దగ్గర వేలాడుతోంది. కూర్చోమంటే కూర్చోలేదు.

“మేడం, జర ఒక్క మాట చెప్పుండ్రి. మా బిడ్డ తప్పు రాసిందా, మీరు తప్పు దిద్దిండ్లా? ఇంట్ల సక్కగ తింటలేదు. నాది రైటే, నాది రైటే అని ఒక్కటే తీరు అంటాంది. నాకు సదువు రాదు. అందుకే మిమ్ముల్నే అడుగుతాన్న.”

పాతికేళ్లలో ఏ తల్లీ నన్ను అలా అడగలేదు. మా పిల్లకు చదువెట్లా వస్తోంది, అల్లరి చేస్తోందా అని అడిగేవాళ్లు. పక్కన హెడ్మిస్ట్రెస్ ఉంది, ఇద్దరు టీచర్లున్నారు. చూద్దాంలే అమ్మా, పై వాళ్లతో మాట్లాడుతున్నాం అనవచ్చు. నాలుక చివరి దాకా అదే వచ్చింది.

“మీ పిల్ల రైటు. నేనే తప్పు దిద్దాను,” అన్నాను.

“గంతేనా. మరి రైటు చెయ్యుండ్రి,” అంది. అంత తేలిగ్గా అంది. అది అంత తేలిక కాదని ఆమెకు వివరించబోయి, ఎందుకు కాదో నాకే అర్థంకాక మానేశాను.

లిస్టు ఖరారు చేయడానికి శనివారం కమిటీ కూర్చుంటుందని తెలిసింది. మా మార్కుల లిస్టు మీద నా సంతకం కావాలి. ఆ రోజు పొద్దున బడిలో బోర్డు మీద గీసే పెద్ద చెక్క వృత్తలేఖినిని సంచిలో పెట్టుకుని, పిల్లనూ తల్లినీ వెంటబెట్టుకుని బస్సెక్కాను. సంచిలోంచి పైకి పొడుచుకొచ్చిన ఆ చెక్కను చూసి కండక్టర్ ఏందమ్మా అది అన్నాడు. “సాక్ష్యం” అన్నాను. అతనికి అర్థం కాలేదు, టికెట్ కొట్టి వెళ్లిపోయాడు.

కమిటీలో ఆరుగురు ఉన్నారు. అందరూ నాకు తెలిసినవాళ్లే, అందరూ సారుకు శిష్యులే. మమ్మల్ని చూసి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పిల్లను బోర్డు దగ్గరికి పంపాను. చేతిలో వృత్తలేఖిని ఆ పిల్ల మోచేయంత ఉంది. అయినా రెండు చేతులా పట్టుకుని గీసింది. గీత, కోణం, వాలు, చాపం. చాపం రెండు చోట్ల తగిలిన దగ్గర సుద్దతో గట్టిగా రెండు చుక్కలు పెట్టి, పక్కకు జరిగి నిలబడింది.

సారు కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశారు. ఆయనకు ఒక్క చూపులోనే అర్థమైందని నాకు తెలుసు. ఆయన గొప్ప లెక్కల మనిషి, అందులో అనుమానం లేదు. అందుకే ఆ తర్వాత మాట్లాడింది నాకు ఎక్కువ బాధ కలిగించింది.

“పేపర్ల ఇచ్చిన బొమ్మల రెండు త్రిభుజాలు ఒక్క తీరుగనే ఉన్నయి గద బిడ్డా. ఆ బొమ్మ చూసి రాయాలె,” అన్నారు.

“బొమ్మను చూసి రుజువు చెయ్యొద్దని, ఇచ్చిన కొలతలే చూడాల్నని మా మేడం చెప్పింది సార్,” అంది పిల్ల.

నేను చెప్పిన వాటిలో ఒక్కటైనా సరిగ్గా చెప్పానని అప్పుడే తెలిసింది.

కమిటీలో ఒకాయన నా వైపు తిరిగాడు. “సరే మేడం, ఈ పిల్లది రైటే అనుకుందాం. మరి భు.కో.భు. అని రాసినోళ్లందరి నాలుగు మార్కులు తీసేస్తవా? నీ క్లాసు పిల్లలవి గూడ తీస్తవా?”

“తీయను. ‘నిరూపించండి’ అని మనమే రాసి ఇచ్చాం. మనల్ని నమ్మి రాశారు. వాళ్లది తప్పు కాదు. కానీ నమ్మకుండా గీసి చూసిన పిల్లకు సున్నా వేస్తే, ఇక మనం చెప్పే పాఠం ఏమిటి?”

వాళ్లలో వాళ్లు మెల్లగా మాట్లాడుకున్నారు. చివరికి సారే తీర్పు చెప్పారు. ప్రశ్న కొంచెం అస్పష్టంగా ఉంది కాబట్టి, ఆ ప్రశ్న ముట్టుకున్న ప్రతి ఒక్కరికీ నాలుగు మార్కులు గ్రేస్ కింద వేస్తారు. అప్పటికే నాలుగు వచ్చినవాళ్లకు ఏ మార్పూ ఉండదు. ఈ పిల్లకు నాలుగు కలుస్తాయి, సీటు వస్తుంది. అందరికీ మంచిదే కదా అన్నట్టు నా వైపు చూశారు.

“నాకు గ్రేస్ వద్దు సార్. నాది రైట్ అని రాయుండ్రి,” అంది పిల్ల.

“నాలుగు మార్కులే గద కావాల్సింది. ఏ పేరుతోని వస్తే ఏంది?”

అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడిన తల్లి మాట్లాడింది. గొంతు పెంచలేదు. “సార్, మేము యార్డుల తాలు కాయ వేరే, మంచి కాయ వేరే ఏరుతం. రెండు కలిపి ఒక్క కుప్ప పోసి, అన్ని మంచియే అంటే సేటు ఊకుంటడా? మీరు సదువుకున్నోళ్లు. మీరు గట్ల పోత్తాండ్లు గదా.”

ఒకాయన ఫోను తీసి చూసుకున్నాడు. సారు ఫైలు మూసి, లిస్టు నా ముందుకు జరిపారు. “సంతకం పెట్టు అమ్మా. టైమైంది.”

పిల్ల పేపరు నా సంచిలోనే ఉంది. బయటికి తీశాను. నేను చుట్టిన సున్నా మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన నాలుగు వేశాను. గ్రేస్ అని రాయలేదు. ‘జవాబు సరైనది. ముందు దిద్దినది నా తప్పు’ అని రాసి, పూర్తి పేరుతో సంతకం పెట్టాను. తర్వాత లిస్టులో ఆ పిల్ల మార్కులు కూడా మార్చి, అప్పుడు లిస్టు మీద సంతకం చేశాను. పెన్ను ఎవరైనా లాక్కుంటారేమో అనుకున్నాను. ఎవరూ కదల్లేదు.

“ఇది మంచిగ లేదు,” అన్నారు సారు.

“లేదు సార్. పాతికేళ్లుగా మంచిగ లేదు,” అన్నాను. ఆయనతో నేను మాట్లాడిన చివరి మాట అదే.

వారానికి లిస్టు బయటికి వచ్చింది. ఆ పిల్ల పేరు ముప్పై ఎనిమిదో చోట ఉంది, పక్కన చుక్క గుర్తు, కింద చిన్న అక్షరాల్లో ‘గ్రేస్ మార్కులతో’ అని. నేను రాసింది పక్కన పెట్టి వాళ్లు అనుకున్నదే వేసుకున్నారు. పిల్ల ఆ కాగితం చూసి, నేను పోను అంది. నాకూ కోపం వచ్చింది, పోకులే అనబోయాను. తల్లి అననివ్వలేదు.

“సీటు ఇడిస్తే వాళ్లకేం పోతది? నువ్వు పో. పోయి గూడ అడుగు. దినాం అడుగు,” అంది.

పోయింది. దినాం అడిగిందని అక్కడి టీచర్లు ఒకరిద్దరు నాతో విసుక్కున్నారు. ఆ విసుగు వింటుంటే నాకు కడుపు నిండినట్టుండేది. ఇప్పుడు హన్మకొండలో డిగ్రీ చదువుతోంది, లెక్కలే. ఇంజనీరింగుకు ఎందుకు పోలేదే అంటే, “అక్కడ రుజువులు తక్కువ మేడం,” అంది.

ఆ తర్వాతి ఏడు సారు గైడు కొత్తగా అచ్చయింది. కొని చూశాను. ఆ లెక్క అందులో లేదు. ఎందుకు తీసేశారో ఎక్కడా రాయలేదు. కమిటీ మళ్లీ నన్ను దేనికీ పిలవలేదు. ఉత్తమ ఉపాధ్యాయుల కోసం బడి నుంచి పంపిన పేర్లలో నాది దారిలో ఎక్కడో జారిపోయింది. ఈ మాట మీకు భయం పెట్టడానికి చెప్పడం లేదు. అంతకు మించి ఏమీ జరగలేదని చెప్పడానికి చెబుతున్నాను. మనం పాతికేళ్లు భయపడి నోరు మూసుకునేది ఇంతదానికే.

ఒక మెమో మాత్రం వచ్చింది. లిస్టు వచ్చిన పదో రోజున, పై ఆఫీసు నుంచి. అనుమతి లేకుండా విద్యార్థిని మార్కులు మార్చినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలసిందిగా ఉంది. స్టాఫ్‌రూంలో తలా ఒక సలహా ఇచ్చారు. పొరపాటైంది, మన్నించండి అని రెండు ముక్కలు రాసి పారేయమన్నారు. నేను ఒక తెల్ల కాగితం తీసుకుని, స్కేలుతో గీత గీసి, ముప్పై డిగ్రీలు పెట్టి, ఎనిమిది కొలిచి, అయిదు చాపం తిప్పాను. కింద ఒకే వాక్యం రాశాను: ‘పై రెండు త్రిభుజాలు సర్వసమానములని నిరూపించినచో, నా తప్పు ఒప్పుకొనగలను.’

మెమోకు జవాబు హెడ్మిస్ట్రెస్ ద్వారానే పోవాలి. ఆమె ఆ కాగితం చదివి, నన్ను తిడుతుందేమో అనుకున్నాను. తిట్టలేదు. “నీ కంపాస్ బాక్స్ ఇట్లియ్యి,” అని తీసుకుని, గది తలుపు దగ్గరికి వేసుకుంది. ఒక పీరియడ్ అయిపోయింది. బయటికి వచ్చి, కవరు అంటించకుండానే అటెండర్ చేతికిచ్చింది. అతన్ని దారిలో ఆపి, కాగితం తీసి చూశాను. నా సంతకం కింద, ఫార్వర్డ్ చేయడమైనది అని రాయాల్సిన చోట, సోషల్ టీచరు చక్కటి గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది:

‘ఫార్వర్డ్ చేయడమైనది. ఈ బొమ్మను నేను కూడా గీసి చూసితిని. రెండు త్రిభుజములు వచ్చినవి. తమరు కూడా ఒకసారి గీసి చూడగలరు.’